ముందు డిస్కు పెద్దగైతే వెనక టైరు సంగతేంది? నల్లగొండల పాత బండ్ల మెకానిక్ తమ్ముళ్లతోని మాట్లాడిన ముచ్చట

నమస్తే అన్నలు, తమ్ముళ్లు. మన నల్లగొండ దిక్కు పాత కార్లను మళ్ల లేపుకునే పోరగాళ్లు ఎక్కువైన్రు. జెన్లు, హోండా సిటీ వీటెక్కులు, పాలియో 1.6లు. ఇంజన్ పని కాంగనే బ్రేకు డిస్కులు, అంటే చక్రంతోని తిరిగే ఇనుప పల్లాలు, మారుస్తున్రు, అది మంచిదే, కాని అందరు ముందు చక్రాల కాడ్నే ఆగిపోతున్రు, గందుకే ఇయ్యాల ఈ ముచ్చట.

నా బండితోనే మొదలుపెడ్త. 2002 మోడల్ వీటెక్, ముందు డిస్కు, వెనక డ్రమ్ము (లోపల షూలు తెరుసుకోని పట్టే గిన్నె లెక్కటి బ్రేకు), టైరు తిరుగుడు ఆగి లాక్ కాకుండ చూసే ఏబీఎస్ లేదు. ముందుకు పెద్ద డిస్కు, పెద్ద క్యాలిపర్ (డిస్కును ప్యాడ్లతోని నొక్కి పట్టేది) ఏపిచ్చిన. పెడల్ మీద కాలు పెట్టంగనే ముక్కు వంగుతుండె, మస్తు ఖుషీ అయింది. ఆ వానకాలం సాగర్ రోడ్డు మీద బర్రె అడ్డమొచ్చింది, గట్టిగ తొక్కిన, ముందు టైర్లు రెండు లాకై బండి జారుకుంట పోయింది, స్టీరింగ్ తిప్పితే తిరుగలే. బర్రె దాటిపోయింది కాబట్టి బతికినం. తెల్లారి ఎండల నాలుగైదు సార్లు బ్రేకులు కొట్టి దిగి చూస్తే ముందు డిస్కుల కాడ చెయ్యి పెట్టరాదు, వెనక డ్రమ్ము మాత్రం సల్లగుంది.

ఇప్పుడు లెక్క చూడుండ్రి. 1000 కిలోల బండి, నిలబడ్డప్పుడు ముందు 600, వెనక 400. వీల్‌బేస్, అంటే ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా, 2.4 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తు. ఎండిన రోడ్డు మీద 0.8 జీ (జీ అంటే భూమి గుంజే జోరు) తోని బ్రేకు కొడ్తే 1000 ఇంటు 0.8 ఇంటు 0.5, దాన్ని 2.4 తోని భాగిస్తే 167 కిలోలు ముందుకు పడ్తది. ముందు 767, వెనక 233. అదే వానల 0.4 జీ అంటే 83 కిలోలే పడ్తది, వెనక ఇంకా 317 ఉంటది. అంటే వానల వెనక టైరు 32 శాతం పని చెయ్యగల్గుతది, మనం చెయ్యనిస్తున్నమా?

క్యాలిపర్ పిస్టన్ 51 మిల్లీమీటర్ల నుంచి 54 చేస్తే ఏరియా 12 శాతం పెరుగుతది, డిస్కు పెద్దగై ప్యాడ్ పట్టే కాడ రేడియస్ 10 శాతం పెరిగితే ముందు బ్రేకు బలం మొత్తం 23 శాతం ఎక్కువ. మొదట బ్రేకు బలం ముందు 70, వెనక 30 ఉన్న బండి 74కి 26 అయితది. వానల ముందు టైర్లు తొందరగ లాకైతయి, వెనకయి ఊకనే ఉంటయి, పెడల్ ఎంత బాగనిపిచ్చినా బండి ఎక్కువ దూరం పోయి ఆగుతది. పెడల్ కాడ బ్రేకు ఆయిల్‌ను నొక్కే మాస్టర్ సిలిండర్ మారుస్తే సరిపోతదా అని అడుగుతరు, పోదు, అది ముందుకు వెనకకు ఒక్కతీరే మారుస్తది.

అందుకని కొత్త సామాన్ కొనకముందే వెనక డ్రమ్ము విప్పుండ్రి. పాత బండ్లల్ల సగం రోగం ఆడనే ఉంటది. షూలను డ్రమ్ముకు దగ్గర పెట్టే అడ్జస్టర్ తుప్పు పట్టి తిరుగది, షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు కింద తడి ఉంటది, షూకు ఉండే లైనర్ మీద అద్దం లెక్క మెరుపు ఉంటది. ఇవన్ని సక్కగ చేస్తేనే కంపెనీ ఇచ్చిన బ్యాలెన్స్ వస్తది, దాని తర్వాతనే అప్‌గ్రేడ్ మాట.

వెనక డిస్కు పెట్టేటోళ్లు ఇంకా జాగ్రత్త. డ్రమ్ముల లీడింగ్ షూ చక్రం తిరుగుడుకే లోపలికి గుంజుకోని గట్టిగ పడ్తది, డిస్కుకు ఆ గుణం లేదు, అందుకే డ్రమ్ముకు పెట్టిన ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనకకు పోయే ప్రెజర్ తగ్గించేది) డిస్కుకు సరిపోదు. వెనక బ్రేకు ఎక్కువైతదో తక్కువైతదో పిస్టన్ కొలిస్తేనే తెలుస్తది. ముందు లాకైతే బండి సీదా పోతది, వెనక లాకైతే తిరుగుతది, శ్రీశైలం ఘాట్ల అది అయితే మనిషి దక్కడు. కొన్ని బండ్లల్ల వాల్వుకు వెనక యాక్సిల్‌కు కడ్డీ ఉంటది, స్ప్రింగులు కోసి బండిని కిందికి దింపితే ఆ వాల్వ్ లోడ్ ఉందనుకోని వెనకకు ప్రెజర్ ఎక్కువ పంపుతది. స్ప్రింగులు కోసుడు నాకు మొదట్నుంచి నచ్చది.

చేత్తోని తిప్పి సెట్ చేసుకునే అడ్జస్టబుల్ వాల్వ్ వెనక లైన్ల మాత్రమే పెట్టాలె, అది ప్రెజర్ తగ్గిస్తది గాని పెంచది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజన్ ముందు చక్రాలనే తిప్పే) బండ్లల్ల చాలావాటికి పైపులు అడ్డంగ ఉంటయి, ముందు ఎడమ వెనక కుడి ఒక లైను, గసుంటి బండికి వాల్వులు రెండు కావాలె, రెండు ఒక్క తీర్గ సెట్ చెయ్యాలె.

సెట్టింగ్ ఖాళీ జాగల, పొద్దుగాల. వెనక ప్రెజర్ తక్కువ పెట్టుకోని మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాలె, బయట ఒక మనిషి ఉండి ఏ టైరు మొదట లాకైతుందో చూడాలె. ఎప్పుడన్నా ముందు టైర్లే మొదట లాక్ కావాలె. టైర్లు మారిస్తే మళ్ల చూడాలె, పట్టు పెరిగితే బరువు ఇంకా ముందుకు పడి వెనక తేలికైతది.

బండి బయట జాకీ మీద ఉంది, కుడి దిక్కు డ్రమ్ము ఊడదీసి పెట్టిన, ఇద్దరిద్దరు రాండ్రి, ఆ అడ్జస్టర్ ఎట్ల తిప్పాలెనో మీ చేతితోనే తిప్పుండ్రి.