సంకెళ్ళు చూసి సిగ్గుపడనివాడు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, ఎండలో నడిచి వచ్చిన యవ్వనస్థులకు నా వందనాలు. స్నేహం గురించి మాట్లాడమన్నారు. దావీదు, యోనాతానుల మీద నాలుగు పేజీలు రాసుకొని వచ్చాను. ఇందాక మీరు పాడుతుంటే ఒనేసిఫోరు గుర్తుకొచ్చాడు. యోనాతాను గురించి మీకు చాలామంది చెబుతారు. నేను ఈయన గురించి చెబుతాను.

అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం చివర మూడు వచనాలు, నాలుగో అధ్యాయంలో ఆయన ఇంటివారికి ఒక వందనం. బైబిలులో ఆయనకు దక్కిన చోటు అంతే. పౌలు రోమాలో ఖైదీ. క్రీ.శ. 64లో ఆ నగరం తగలబడితే నీరో చక్రవర్తి నేరం క్రైస్తవుల మీద మోపాడు. ఆ తరువాతి రోజుల్లోనే పౌలు ఈ పత్రిక రాశాడని సంఘ సంప్రదాయం. అప్పటి చెరసాలలో తిండీ బట్టా చాలావరకు బయటివాళ్ళే తెచ్చి ఇవ్వాలి. త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీ తెమ్మనీ, చలికాలం రాకముందే రమ్మనీ తిమోతిని అడిగాడు అపొస్తలుడు. ఆసియ అనే రోమా ప్రాంతంవారందరూ తనను విడిచిపోయారన్నాడు. ఫుగెల్లు, హెర్మొగెనే అని పేర్లు కూడా రాశాడు. తోటి పనివాడు దేమా కూడా వెళ్ళిపోయాడు.

అలాంటి రోజుల్లో ఒనేసిఫోరు వచ్చాడు. పౌలు సంకెళ్ళకు సిగ్గుపడలేదు, శ్రద్ధగా వెదికాడు. ఆ ‘వెదకి’ అన్న మాట దగ్గర ఆగండి. అంత పెద్ద నగరంలో ఒక ఖైదీ ఆచూకీ ఎవరిని అడిగినా, ‘నువ్వు అతనికి ఏమవుతావు?’ అని ఎదురు అడుగుతారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ వెళ్ళాడు. మనం మాత్రం ‘మీ కోసం ప్రార్థన చేస్తున్నాం’ అని ఫోను పెట్టేస్తాం. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. కానీ వెళ్ళకుండా ఉండడానికి ప్రార్థనను అడ్డం పెట్టుకోకండి. ఈ మాట నేను కోపంతోనే అంటున్నాను.

నా సంగతి చెబుతాను. 1996లో మా సంఘంలో పదిహేను కుటుంబాలు నా దగ్గర చీటీ వేశాయి. ముందుగా పాడుకొని ఎత్తుకున్న ఇద్దరు కట్టడం మానేశారు. చీటీ కూలిపోయింది. వాళ్ళే ముంచారని అందరికీ చెప్పాను. అది సగం నిజం. అందులోంచి పదకొండు వేలు నేను మా అమ్మాయి పెళ్ళికి వాడుకున్నాను.

ఆదివారం ఆరాధనలో నా బెంచీ ఖాళీ అయింది. పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఒక రాత్రి నా చిన్ననాటి స్నేహితుడు, దర్జీ పని చేసేవాడు, మా ఇంటికి వచ్చాడు. చీటీ పుస్తకం తెమ్మన్నాడు. లాంతరు వెలుగులో లెక్క మొత్తం చూశాడు. “పదకొండు వేలు తేలడం లేదురా. నిజం చెప్పు” అన్నాడు. నేను అరిచాను. బయటికి పొమ్మన్నాను. కదలలేదు. ‘మేలును కోరి స్నేహితుడు గాయములు చేయును’ అని సామెతల గ్రంథం చెప్పిన గాయం ఎంత నొప్పి పుడుతుందో ఆ రాత్రి తెలిసింది.

ఆ ఆదివారం సంఘం ముందు ఒప్పుకున్నాను. నేను లేచి నిలబడితే నాతోపాటు అతనూ లేచి నిలబడ్డాడు. తప్పు అతనిది కాదు, అయినా నిలబడ్డాడు. తరువాత రెండేళ్ళు, ప్రతి నెలా మొదటి శనివారం, కుట్టుమిషను మూసి నాతో ఇంటింటికీ వచ్చాడు. తలుపు తీయనివాళ్ళ గుమ్మంలో నాతోపాటు నిలబడ్డాడు. పైసలతో సహా తీర్చాం. ‘తీర్చాను’ అనలేను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ మధ్య మూడు వారాలుగా కనిపించనివారు ఎవరు? ఇప్పుడే ఒక పేరు తలచుకోండి. నేను ఆగుతాను.

ఆ దర్జీకి ఇప్పుడు పక్షవాతం. మాట పోయింది. ‘మాట్లాడలేడు కదా, వెళ్ళి ఏమి చేస్తాం’ అని మా సంఘంలోనే అంటున్నారు. అన్నీ పోగొట్టుకొని బాధపడుతున్న యోబు దగ్గర ఆయన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట కూడా పలకలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదే, తరువాతి వాదన అంతా గాయం మీద కారమే. మాట లేని మనిషి దగ్గర కూర్చోవడానికి మాటలు అక్కర్లేదు.

యోనాతాను పేజీలు ఇలాగే ఉండిపోయాయి, క్షమించండి. నాలుగు గంటల బస్సుకు నేను అతని ఇంటికి వెళుతున్నాను. గోరువెచ్చని గంజి చెంచాతో పట్టాలి, చెయ్యి కాస్త మర్దన చేయాలి. రాగలిగినవారు గేటు దగ్గర ఉండండి.