ఇరుగుపొరుగు తగాదా: కోర్టుకెక్కే ముందు రాజీపత్రం రాసుకోవడం ఎలా?

నమస్కారం. కడప జిల్లాలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే న్యాయసేవల విషయంలో జనానికి సాయపడే కార్యకర్తగా, నేను చూసిన ఇరుగుపొరుగు తగాదాల్లో ఎక్కువ భాగం మిద్దె నీళ్ల దగ్గరో, హద్దులో పాతిన బండల దగ్గరో మొదలైనవే. అలాంటి తగాదాను మధ్యవర్తుల సమక్షంలో ఎలా పరిష్కరించుకోవాలో, ముఖ్యంగా కుదిరిన రాజీని కాగితం మీద ఎలా పెట్టాలో ఈ వీడియోలో వివరిస్తాను.

మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ అంటే రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు ఇరువైపులా విని తీర్పు చెప్పడం, తప్పు కట్టించడం. మధ్యవర్తిత్వంలో తీర్పు ఉండదు. ఉభయుల చేతా మాట్లాడించి, పరిష్కారాన్ని వారి నోటనే చెప్పించడం మధ్యవర్తి పని. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టంలో ఇరుగుపొరుగు తగాదాల కోసం ఒక అధ్యాయమే ఉంది. ఉభయుల ముందస్తు సమ్మతి, ముగ్గురు మధ్యవర్తుల బృందం అందులోని పద్ధతి. ఆ ముగ్గురిలో ఒక మహిళ ఉంటే ఇంటి ఆడవాళ్లు కూడా తమ మాట చెప్పగలుగుతారని నా అనుభవం.

కూర్చోవడానికి ముందే స్థలం చూడాలి. పొలం హద్దు తగాదా అయితే సర్వేయరు చేత కొలిపించి, ఎఫ్‌ఎంబీతో (పొలం కొలతల సర్వే పుస్తకంతో) సరిచూసుకున్న తర్వాతే మాటలు మొదలుపెట్టాలి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న విషయం. తొలినాళ్లలో ఒక తగాదాలో "మిద్దె నీళ్లు పక్కింట్లో పడకుండా చూసుకోవాలి" అని రాయించి సంతకాలు తీసుకున్నాను. ఇంటాయన మాట తప్పలేదు, గొట్టం వేయించాడు. అయినా తొలి వానకే గొడవ తిరిగి మొదలైంది. రెండోసారి కూర్చునే ముందు మిద్దె మీద రెండు బిందెల నీళ్లు పోయించి చూశాం. గొట్టం మూతి నుంచి పడిన నీరు సందులో పరిచిన కడప బండల మీద వాలు లేక నిలిచి, చూస్తుండగానే పక్కింటి గోడ అడుగుకు ఇంకిపోయింది. అంతవరకు ఒకరి వంశాన్ని ఒకరు ఎత్తిపొడుచుకున్న ఆ ఇద్దరూ వంగి ఆ తడిని చూశాక, బండలను ఎటు వాలుగా తిరగపరచాలన్న మాటలోకి వచ్చారు.

ఈసారి కాగితంలో ఇలా రాసుకున్నాం: "వీధివైపు గోడ వెంట 4 అంగుళాల గొట్టం వేసి, దాని మూతిని వీధి కాలువలోకి వదలాలి. గొట్టం ఖర్చు మిద్దె యజమానిది. సందులో బండలు తిరగపరిచే ఖర్చు చెరిసగం. ఉగాదిలోపు పని ముగియాలి." ఏ పని, ఎక్కడ, ఎవరి ఖర్చుతో, ఏ రోజులోపు అన్నవి లేని రాజీపత్రాన్ని నేను ఆ తర్వాత ఎన్నడూ రాయించలేదు.

అయితే 2023 చట్టం ప్రకారం ఇటువంటి రాజీపత్రం సివిల్ కోర్టు డిక్రీలాగా, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వులాగా, అమలు కాదు. ఆ బలం కావాలనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకుగానీ, మండల న్యాయసేవల కమిటీకిగానీ దరఖాస్తు చేసి, దావా వేయకముందే విషయాన్ని లోక్ అదాలత్‌కు తీసుకువెళ్లవచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడి అవార్డు (రాజీ మీద ఇచ్చే ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. సందేహాలుంటే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100 నంబరుకు ఫోన్ చేయండి.

కులం పేరుతో దూషించడం, ఆడవారి మీద, పిల్లల మీద దౌర్జన్యం వంటివి రాజీకి తేవలసినవి కావు. పరువు పోతుందని పెద్దలు ఎంత ఒత్తిడి చేసినా పోలీసు స్టేషన్‌కే వెళ్లాలి.

రాజీ కుదిరాక పత్రాన్ని మూడు ప్రతులు రాయించి, ఉభయులకూ చెరొకటి ఇచ్చి, మూడోది మధ్యవర్తుల దగ్గర ఉంచండి. సంతకాలకు ముందు గట్టిగా చదివి వినిపించండి. చదువు రానివారు ఉంటే, అందులో ఏముందో వారు తమ మాటల్లో తిరిగి చెప్పేదాకా వేలిముద్ర తీసుకోకండి.