సూది కింద చీటీ

హోస్ట్: నమస్కారం. బెంగళూరులో పొద్దుట్నుంచి ముసురు. ఈ రోజు మాతో మాట్లాడుతున్న అక్క పురుగుల శాస్త్రం చదువుకున్నారు. అక్కా, పురుగుల్ని, పక్షుల్ని సేకరించిన బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనగానే మీకు ముందు ఏం గుర్తొస్తుంది?

అక్క: మంట. 1852లో అమెజాన్ నుంచి తిరిగొస్తుంటే నడిసముద్రంలో ఓడ తగలబడింది. వెంట తెచ్చుకుంటున్న సేకరణ దాదాపు అంతా పోయింది. చిన్న పడవల్లో పది రోజులు గడిపాక ఇంకో ఓడ వచ్చి ఎక్కించుకుంది.

హోస్ట్: అయ్యో! మళ్లీ వెళ్లారా?

అక్క: రెండేళ్లకే. 1854 నుంచి 1862 దాకా మలయ్ దీవులు, అంటే ఇప్పటి ఇండోనేషియా, మలేషియా వైపు దీవులు తిరిగారు. మొత్తం 1,25,660 నమూనాలు. వాటిలో సీతాకోకచిలుకలు, మాత్‌లు కలిపి 13,100. 1859లో బచాన్ దీవిలో బంగారు రంగు బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక దొరికింది. వలలోంచి తీసి రెక్కలు విప్పగానే గుండె దడదడలాడిందట, ఆ రోజంతా తలనొప్పేనట! ఆయనే రాసుకున్నారు. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

హోస్ట్: మన కర్ణాటక రాష్ట్ర సీతాకోకచిలుక కూడా బర్డ్‌వింగే కదా?

అక్క: సదరన్ బర్డ్‌వింగ్. దానికి దగ్గరి చుట్టమే.

హోస్ట్: ఆయన పట్టినవి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఇన్నేళ్లు ఎలా నిలిచాయి?

అక్క: చీకటి సొరుగుల్లో, తేమ తగలకుండా. వెలుతురుకి రంగు వెలుస్తుంది, తేమకి బూజు పడుతుంది, పురుగు పట్టిందంటే సూది కింద పొడే మిగులుతుంది. కానీ రంగుకన్నా నాకు చీటీ ముఖ్యం. అదే సూదికి గుచ్చిన గోరంత కాగితం. వాలెస్ గుండ్రటి చీటీల మీద దీవి పేరు పొట్టిగా రాసేవారు. మ్యూజియం కోతుల చీటీల మీద ఉత్త 'దక్షిణ అమెరికా' అని ఉంటే ఏం తెలుస్తుందని 1852లోనే బాధపడ్డారు. అమెజాన్‌కి ఈ ఒడ్డున ఉండే కోతి ఆ ఒడ్డున ఉండకపోవచ్చు మరి! బాలి, లొంబాక్ పక్కపక్క దీవులే, అయినా పక్షులు వేరు. ఆ తేడా చూసి ఆ రెండింటి మధ్యగా ఆయన మ్యాప్ మీద గీసిన గీతనే వాలెస్ రేఖ అంటున్నాం. ఎక్కడ దొరికిందో రాయకపోతే ఆ గీత ఎక్కడిది?

హోస్ట్: మొన్న లాల్‌బాగ్‌లో మా పాపకి చచ్చిపడిన సీతాకోకచిలుక దొరికింది. నోట్‌బుక్‌లో దాచుకుంది.

అక్క: పక్కన ఏమైనా రాసిందా?

హోస్ట్: లేదక్కా.

అక్క: ఇవాళే పెన్సిల్‌తో రాయించు తమ్ముడూ. తేదీ, లాల్‌బాగ్, ఏ చెట్టు కింద.

హోస్ట్: చెట్టు నాకు గుర్తులేదు. ఇంటికెళ్లి పాపనే అడగాలి.