తొడ మీద పడే తన్ను

శ్రోతలకు నమస్కారం. టీవీలో కరాటే ఫైటు అంటే హీరో గాల్లోకి లేవాలి, విలన్ దవడ మీద తన్నాలి, వాడు ఎగిరిపడి మళ్లీ దుమ్ము దులుపుకుని లేవాలి. కానీ ఫుల్ కాంటాక్ట్ కరాటేలో, అంటే దెబ్బ నిజంగానే తగిలేలా కొట్టుకునే కరాటేలో, చాలా పోటీలు తేలేది దవడ దగ్గర కాదు, తొడ దగ్గర.

ఈ తరహా పోటీలకు పేరుపడ్డది మసుతాత్సు ఒయామా నెలకొల్పిన క్యోకుషిన్ అనే కరాటే శైలి. 1969లో మొదటి అఖిల జపాన్ ఓపెన్ పోటీలు జరిగాయి. చేతులకు గ్లవ్స్ ఉండవు. ముఖం మీద పిడిగుద్దులు నిషేధం. కాలితో మాత్రం తలమీద తన్నవచ్చు. దెబ్బకు పడ్డవాడు 3 సెకన్లలోపు లేవలేకపోతే ఇప్పోన్, అంటే పోటీ ముగిసినట్టే.

ఇక ఆ తొడ మీది తన్ను, లో కిక్ సంగతి. ఆనుకున్న కాలిని కాస్త పక్కకు వేసి, మడమ ప్రత్యర్థి వైపు తిరిగేలా పాదం తిప్పాలి. దానితోపాటు నడుం తిరగాలి. నడుం తిరగకుండా కాలొక్కటే ఊపితే ఆ దెబ్బలో బరువుండదు. తగలాల్సింది మీగాలు కాదు, మోకాలికీ చీలమండకీ మధ్యనున్న కాలి ముందు ఎముక. పడాల్సిన చోటు తొడకు బయటివైపు, మోకాలికి జానెడు లోపు పైన.

మొదటి తన్నుకు ఏమీ కానట్టే ఉంటుంది. రెండోదానికీ అంతే. కానీ కండ రెండు ఎముకల మధ్య నలుగుతోంది. నలిగి బిగుసుకుపోతోంది. కాసేపటికి తన్నులు తిన్నవాడు బరువంతా రెండో కాలి మీదికి మారుస్తాడు. అడుగు చిన్నదవుతుంది. తను తన్నబోతే ఆనుకోవడానికి కాలు సహకరించదు. ఆఖరికి అదే చోట ఇంకొక్కటి పడితే మనిషి కూలిపోతాడు. నొప్పి ఓర్చుకునే గుండె ధైర్యం ఉన్నా సరే, కాలు మాట వినదు.

ఇది టీవీకి పనికిరాదు. కెమెరా ముఖాల మీద ఉంటుంది, తొడ ఫ్రేములో ఉండదు. తలమీది తన్ను తెరనిండా కనిపిస్తుంది. పాదానికీ ముఖానికీ మధ్య ఖాళీ తెలియని కోణంలో కెమెరా పెడతారు, తిన్నవాడు సరైన క్షణంలో తల విసురుతాడు, శబ్దం తర్వాత కలుపుతారు. అది గొప్ప పనితనమే, కాదనను. కానీ అందులో దెబ్బలు పోగుపడవు. ఇరవై తన్నులు తిన్నవాడు పరుగెత్తగలుగుతాడు. నాకు అభ్యంతరం అక్కడే.

చూసి నేర్చుకునే పిల్లలకు ఒక్క మాట. తెరమీద చూసినట్టు మీగాలుతో తన్నకండి. ఎదుటివాడు మోకాలు ఎత్తి అడ్డుపెడితే మీ మీగాలులోని సన్నని ఎముకలు వెళ్లి అతని గట్టి ఎముకకు తగులుతాయి, అవే విరుగుతాయి. మొదట మెత్తటి బ్యాగు మీద, నెమ్మదిగా, కాలి ముందు ఎముకతోనే సాధన చెయ్యండి. జోడీతో చేసేటప్పుడు తొడకు ప్యాడు పెట్టించండి. మోకాలి కీలు మీద మాత్రం ఎప్పుడూ తన్నవద్దు.