మిగిలిపోయిన స్క్రూ

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో డిగ్రీ చదువుకు దరఖాస్తు చేసే విద్యార్థి మార్కుల జాబితా, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలతో పాటు తన గురించి తానే రాసుకున్న వ్యాసాన్ని కూడా చాలా కళాశాలలకు పంపవలసి ఉంటుంది. 1975లో 15 కళాశాలలతో మొదలైన కామన్ అప్లికేషన్ అనే ఉమ్మడి దరఖాస్తును నేడు వెయ్యికి పైగా విద్యాసంస్థలు స్వీకరిస్తున్నాయి. అందులోని ప్రధాన వ్యాసం 250 పదాలకు తగ్గకూడదు, 650 దాటకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పద్ధతి వేరు: అది ఇచ్చే ఎనిమిది ప్రశ్నలలో నాలుగింటిని ఎంచుకుని, ఒక్కొక్కదానికి 350 పదాలకు మించకుండా జవాబు రాయాలి.

ఈ వ్యాసాన్ని చాలామంది మరో మార్కుల జాబితాగా భావించి, గెలిచిన పోటీలు, అందుకున్న బహుమతులు, వహించిన పదవులు అన్నీ అందులో కుక్కుతారు. అయితే అదే దరఖాస్తులో ఇలాంటి కార్యకలాపాలు పది దాకా నమోదు చేయడానికి వేరే చోటు ఉండనే ఉంది. అక్కడ ఒకసారి చెప్పినదాన్నే ఇక్కడ మళ్ళీ చెబితే ఉన్న 650 పదాలూ వృథా అయినట్లే. వరుసగా వ్యాసాలు చదువుకుంటూ పోయే ప్రవేశాల అధికారికి, ఈ విద్యార్థి ఏమేమి సాధించాడన్న సంగతి అప్పటికే తెలుసు. అతని ఆలోచన ఎలా నడుస్తుందన్నది మాత్రం ఈ ఒక్క కాగితమే చెప్పాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంజనీరింగ్ చదవదలచిన ఒక అబ్బాయి తన వ్యాసాన్ని ‘చిన్నప్పటి నుంచి నాకు యంత్రాలంటే ఎంతో ఆసక్తి’ అని మొదలుపెట్టాడనుకోండి. ఆ వాక్యంలో అబద్ధం లేదు, కానీ దాని కింద ఎవరి పేరు రాసినా చెల్లుతుంది. అదే అబ్బాయిని కూర్చోబెట్టి, ఆ ఆసక్తి నీకెప్పుడు తెలిసిందని నిదానంగా అడిగితే, పన్నెండేళ్ళప్పుడు పాత రేడియో ఒకటి విప్పి మళ్ళీ బిగించిన సంగతి చెబుతాడు. అంతా బిగించాక ఒక స్క్రూ మిగిలిపోయింది. రేడియో మాత్రం నిక్షేపంగా మోగింది. మోగుతున్నదాన్ని మళ్ళీ విప్పాలా, వద్దా? వద్దని ఇంట్లో అందరూ అన్నా, ఆ స్క్రూ ఎక్కడిదో తేలక అతనికి నిద్ర పట్టలేదు, తెల్లవారకముందే లేచి రేడియోను మళ్ళీ విప్పాడు. ఇక ‘ఆసక్తి’ అనే మాట వ్యాసంలో ఎక్కడా రానక్కరలేదు.

పెద్ద విషాదమో, గొప్ప విజయమో ఉంటే తప్ప వ్యాసం పండదన్న అపోహ పిల్లలను చాలా బాధపెడుతోంది. కష్టం నిజంగా ఉంటే రాయవలసిందే, కాకపోతే కష్టాన్ని వర్ణించడానికి నాలుగు వాక్యాలు చాలు. దాన్ని ఎదుర్కొనేందుకు తాను చేసిన పనికి మిగతా చోటంతా ఇవ్వాలి.

చిత్తుప్రతిని ఒకరిద్దరికి చూపించడం మంచిదే. కానీ దిద్దడానికి కూర్చున్న పెద్దవారి కలం ఒక పట్టాన ఆగదు (ఈ విషయంలో నేనూ దోషినే). పదిహేడేళ్ళ పిల్లవాడి మాటల మధ్య యాభై ఏళ్ళ వారి వాక్యం ఒకటి దూరితే, చదివేవారు ఇట్టే పసిగడతారు. పైగా దరఖాస్తు చివర, ఇది నా సొంత రచనేనని విద్యార్థి ధ్రువీకరించాలి. కృత్రిమ మేధ రాసిన విషయాన్ని సొంతదిగా పంపడాన్ని కామన్ అప్లికేషన్ మోసంగానే పరిగణిస్తుంది. కాబట్టి దిద్దేవారు ‘ఇక్కడ నాకు అర్థం కాలేదు, అప్పుడు ఏం జరిగింది?’ అని అడిగి ఊరుకోవాలి. జవాబు విద్యార్థే రాసుకోవాలి.

బ్రిటన్‌కు దరఖాస్తు చేసేవారు మాత్రం ఇదే వ్యాసాన్ని అటు పంపకూడదు. అక్కడి విశ్వవిద్యాలయాలకు ఉమ్మడిగా దరఖాస్తులు స్వీకరించే యూకాస్ సంస్థ 2026 ప్రవేశాల నుంచి ఏకధాటి వ్యాసానికి బదులు మూడు ప్రశ్నలు అడుగుతోంది. జవాబులన్నీ కలిపి, ఖాళీలతో సహా 4,000 అక్షరాలలో ముగియాలి. ఎంచుకున్న సబ్జెక్టుకు తాను ఎలా సిద్ధమయ్యాడో అక్కడ ముఖ్యం. రేడియో కథకు అక్కడ రెండు వాక్యాలకు మించి చోటుండదు.

ఇక ముగింపు. చివరి పేరాకు రాగానే ‘ఈ అనుభవం నాకు పట్టుదల విలువ నేర్పింది’ అని రాయాలని చేతులు ఉవ్విళ్ళూరుతాయి. ఆ వాక్యాన్ని కొట్టివేసి, దానికి ముందున్న వాక్యంతో వ్యాసం ఆగుతుందేమో ఒకసారి పైకి చదివి చూడాలి. మన అబ్బాయి రెండోసారి విప్పినా ఆ స్క్రూ ఎక్కడిదో కనుక్కోలేకపోయాడనుకుందాం. అది ఇప్పటికీ తన బల్ల సొరుగులోనే ఉందని రాసి, అతను అక్కడితో ఆపేయవచ్చు.

నమస్కారం.