ఎన్యే మీది అల

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు, నేను మళ్లీ చదవను. మాతృభాషా దినోత్సవానికి పిలిచి యూరప్ లిపుల గురించి చెప్పమన్నారు. నేను ఒక్క అక్షరం గురించే చెబుతాను. స్పానిష్‌లో దాని పేరు ఎన్యే. ఇంగ్లీషు ఎన్ నెత్తిన చిన్న అల గీసినట్టుంటుంది. పలకడం మనకు కష్టం కాదు, చిన్నప్పుడు హల్లులు వల్లిస్తూ 'ఇనీ' అని దాటేసిన ఞ ఉంది చూడండి, దాదాపు అదే.

మధ్యయుగంలో రాతగాళ్లు రెండు ఎన్‌లు పక్కపక్కన వస్తే చోటు కలిసొస్తుందని ఒకటి రాసి, రెండోదాన్ని దాని పైన చిన్నగా పెట్టేవారు. అదే ఈ అల. లాటిన్ 'అన్నుస్' అలా 'అన్యో' అయింది, సంవత్సరం అని అర్థం. ఈ ధ్వనికి ఇటలీ, ఫ్రాన్స్‌వాళ్లు జీ, ఎన్ కలిపి రాస్తారు, పోర్చుగీసువాళ్లు ఎన్ పక్కన హెచ్ పెడతారు. స్పానిష్‌వాళ్లు మాత్రం అక్షరమాలలో ఎన్ తర్వాత దానికి విడిగా చోటిచ్చారు. కాబట్టి దయచేసి దాన్ని 'గుర్తు పెట్టిన ఎన్' అనకండి.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, మాడ్రిడ్‌లో మా కింది వాటా పెద్దావిడ గుర్తొస్తోంది. ఆమె ఇంటిపేరు పెన్యా, అంటే బండరాయి. నెలనెలా ఆమెకొచ్చే ఒక బిల్లు మీద అల ఉండేది కాదు. అల పోతే అది 'పెనా', దుఃఖం. డబ్బు కట్టేముందు ఆవిడ పెన్ను తీసి ప్రతి బిల్లు మీదా ఆ అల గీసేది. ఎవరు చూస్తారండీ అని అడిగాను. అక్కడ ఆడవాళ్లు పెళ్లయినా పుట్టింటి పేరే ఉంచుకుంటారు. "ఇది మా నాన్న పేరు" అంది. నేనే ఆ కంపెనీకి రెండుసార్లు ఫోన్ చేశాను. మా సిస్టమ్ ఆ అక్షరం తీసుకోదు అన్నారు. స్పెయిన్‌లో ఉండి! కీబోర్డుల్లో ఎన్యే ఉండి తీరాలని 1985 నుంచే నిబంధన ఉన్న దేశంలో! 1991లో అది స్వేచ్ఛా వ్యాపారానికి అడ్డమని ఇప్పటి ఐరోపా సమాఖ్యకు ముందున్న ఐరోపా సముదాయం పట్టుబడితే, 1993లో ఐరోపా దేశాల మాస్ట్రిక్ట్ ఒప్పందంలోని సాంస్కృతిక మినహాయింపు చూపించి ఆ నిబంధనను నిలబెట్టుకున్నారు. ఒక్క అక్షరం కోసం.

ఈ హాల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు చాలామంది ఉన్నారు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఎన్యే ఎప్పటినుంచో ఉంది, ఇక సాకు లేదు. రేపు ఆఫీసుకెళ్లి, మీరు తయారుచేసిన ఫారంలో పేరు దగ్గర పెన్యా అని కొట్టండి. సేవ్ చేసి మళ్లీ తెరవండి. అల ఉందో లేదో చూసి నాకు చెప్పండి.