ఉసిరి, కరక్కాయ, తానికాయ: యాంటీ ఆక్సిడెంట్ అంకె ఎలా తీయాలి, ఎంతవరకు నమ్మాలి
(ఫార్మసీ, వృక్షశాస్త్ర విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఉసిరికాయలో సి విటమిన్ ఎంత ఉంటుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో 100 గ్రాముల కాయకు 600 మిల్లీగ్రాములని ఉంది. అదే సంస్థ 2017లో తెచ్చిన పట్టికలో అది సుమారు 250. రకం, నేల, కాయ ముదురు లేతలను బట్టి కొంత తేడా వస్తుంది. కొలిచే తీరును బట్టి కూడా వస్తుంది. రంగుమందుతో టైట్రేషన్ చేస్తే సి విటమిన్‌తో పాటు దానిలాగే ఎలక్ట్రాన్లు ఇచ్చే ఇతర పదార్థాలూ లెక్కలోకి చొరబడతాయి. మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో దేనికది విడిగా కనిపిస్తుంది. పేరూ ఊరూ ఉన్న ఒకే ఒక్క అణువు విషయంలోనే ఇంత తేడా ఉంటే, ‘యాంటీ ఆక్సిడెంట్ శక్తి’ అని గుంపగుత్తగా కొలిచేదాని సంగతి చెప్పేదేముంది? అందుకే ఈరోజు త్రిఫల చూర్ణాన్ని తీసుకుని, ఆ శక్తిని రంగు మార్పుతో కొలిచే డీపీపీహెచ్ పరీక్షను మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

ముందు సరుకు. త్రిఫల అంటే ఉసిరి, కరక్కాయ, తానికాయల పెచ్చులు సమపాళ్ళలో. గింజ తీసేయాలి. గింజతో సహా దంచిన చూర్ణం బరువు తూగుతుంది కానీ, యాంటీ ఆక్సిడెంట్లుగా పనిచేసే, వగరునిచ్చే టానిన్లు ఎక్కువగా ఉండేది పెచ్చులోనే. అంగట్లో పొడి కొనకండి, విడి కాయలు కొని మీరే కొట్టుకోండి. ప్రతి కాయ నమూనాకూ హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్క నమూనాను అతికించి భద్రపరిచే కాగితం) చేసి, నంబరు వేయించి, నిర్ధారణ పత్రం తీసుకోండి. కాయలు నీడన ఆరాక 40 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి. ఎండలో, అంతకన్నా ఎక్కువ వేడిలో పెడితే సి విటమిన్ పోతుంది. ఇనుప కత్తిపీట, ఇనుప రోలు వద్దు. పచ్చి ఉసిరికాయను ఇనుప కత్తితో కోస్తే కోసినచోట నల్లబడడం మీకు తెలిసిందే. టానిన్ ఇనుముతో కట్టుపడిపోయిందని దాని అర్థం. మీరు కొలవాలనుకున్న పదార్థమే అక్కడ ఖర్చయిపోయింది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. పొడిని 40 మెష్ జల్లెడ పట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఉసిరి పొడి తేమను ఊరికే పీల్చుకుంటుంది, వానాకాలంలో మూత సరిగ్గా లేకపోతే బూజు పడుతుంది.

10 గ్రాముల పొడికి 70 శాతం మిథనాల్ 100 మిల్లీలీటర్లు పోసి, 24 గంటలు షేకర్ మీద పెట్టి, వాట్‌మన్ 1 నంబరు కాగితంలో వడకట్టండి. పిప్పికి మరో రెండుసార్లు అలాగే చేసి మూడు వడపోతలనూ కలపండి. 40 డిగ్రీలు దాటకుండా రోటరీ ఇవాపొరేటర్‌లో ఆవిరి చేయండి. శుద్ధ మిథనాల్ ఎందుకు వద్దంటే, టానిన్లలో నీటికి లొంగేవే ఎక్కువ. వేడి ద్రావకంతో మళ్ళీ మళ్ళీ సారం తీసే సాక్స్‌లెట్ పరికరంలో గంటల తరబడి మరిగిస్తే కొన్ని గాలో టానిన్లు విచ్ఛిన్నమై గాలిక్ ఆమ్లం పెరుగుతుంది. అప్పుడు మీరు కొలిచేది మొక్కను కాదు, మీ వంటను.

మిగిలిన ఎండు పదార్థాన్ని తూచి దిగుబడి శాతం రాసుకోండి. దీన్ని చాలా థీసిస్‌లలో వదిలేస్తారు. 10 గ్రాములకు 3 గ్రాములు వచ్చిందంటే దిగుబడి 30 శాతం. ఎక్స్‌ట్రాక్ట్ ఐసీ50, అంటే డీపీపీహెచ్‌లో సగాన్ని వెలిసిపోయేలా చేసే గాఢత, మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములైతే, పొడి లెక్కన అది సుమారు 33. రెండు మొక్కలను పోల్చేటప్పుడు ఈ రెండో అంకె లేకపోతే పోలికే చెల్లదు.

ఇంకో మాట. వైద్యుడు రోగికి ఇచ్చేది మిథనాల్ సారం కాదు. ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుని పద్ధతిలో కషాయమంటే ఒక పాలు మందుకు పదహారు పాళ్ళు నీళ్ళు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచడం. సంప్రదాయ వైద్యం గురించి మాట్లాడాలనుకుంటే ఆ కషాయాన్ని కూడా పక్కనే పెట్టి కొలవండి.

ఇక పరీక్ష. డీపీపీహెచ్ అనేది ఊదారంగులో ఉండే, స్థిరంగా నిలిచే ఫ్రీ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. 517 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది. హైడ్రోజన్ గానీ ఎలక్ట్రాన్ గానీ అందితే ఊదా పోయి పసుపు వస్తుంది. యాంటీ ఆక్సిడెంట్లను దీంతో కొలవవచ్చని 1958లో ‘నేచర్’ పత్రికలో బ్లోయిస్ చూపించారు. దీని అణుభారం 394.3. 3.94 మిల్లీగ్రాములు తూచి మిథనాల్‌తో 100 మిల్లీలీటర్లు చేస్తే 100 మైక్రోమోలార్ ద్రావణం వస్తుంది. ఫ్లాస్కుకు రేకు చుట్టండి, ఏ రోజుది ఆ రోజే తయారు చేసుకోండి.

ఒక్కో గొట్టంలో 1 మిల్లీలీటరు నమూనా, 2 మిల్లీలీటర్ల డీపీపీహెచ్ కలిపి, మూతపెట్టి, చీకట్లో 30 నిమిషాలు ఉంచండి. కంట్రోల్‌లో నమూనాకు బదులు దాన్ని కరిగించిన ద్రావకమే పోయాలి. కంట్రోల్ రీడింగు (517 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ) 0.7, 0.8 ప్రాంతంలో రావాలి. 0.4 వచ్చిందంటే డీపీపీహెచ్ పాతదైనా అయి ఉండాలి, పూర్తిగా కరగకుండానైనా ఉండాలి. మే నెలలో మూతలేని గొట్టాల్లో మిథనాల్ ఎగిరిపోయి ద్రావణం చిక్కబడుతుంది, రీడింగు పైకి పాకుతుంది. తీరా మీరేమో మందుకు శక్తి లేదని రాస్తారు.

సి విటమిన్ నిమిషాల్లో పని ముగిస్తుంది. టానిన్ల వంటి పెద్ద ఫినాలిక్స్ నెమ్మది. 5 నిమిషాలకు ఒకరు, 30 నిమిషాలకు ఒకరు తీసిన అంకెలను ఒకే పట్టికలో పెట్టకూడదు.

రంగున్న నమూనాలకు విడిగా బ్లాంక్ తప్పనిసరి. మన శేషాచలం ఎర్రచందనం చేవను తీసుకోండి. దాని ఎర్ర వర్ణకాలు కూడా 517 నానోమీటర్ల దరిదాపు కాంతినే పీలుస్తాయి. డీపీపీహెచ్ పూర్తిగా వెలిసిపోయినా మీటరు మీద రీడింగు మిగిలే ఉంటుంది. 1 మిల్లీలీటరు నమూనాకు 2 మిల్లీలీటర్ల వట్టి మిథనాల్ కలిపి రీడింగు తీసి, దాన్ని అసలు రీడింగులోంచి తీసేయండి. కషాయంతో మరో చిక్కు ఉంది. అందులోని జిగురు, మాంసకృత్తులు మిథనాల్ తగలగానే విరిగి మడ్డిలా తేలతాయి. సెంట్రిఫ్యూజ్ చేయకుండా చదివితే అదీ శోషణగానే లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు అసలైన తనిఖీ. ఎవరి పత్రమైనా, మన పత్రమైనా, ముందు పోలికకు స్టాండర్డ్‌గా పెట్టుకునే ఆస్కార్బిక్ ఆమ్లం (సి విటమిన్) ఐసీ50 అంకె చూడండి. ఒక ఆస్కార్బిక్ అణువు రెండు డీపీపీహెచ్ అణువులను వెలవెలబోయేలా చేస్తుంది. మన గొట్టంలో 3 మిల్లీలీటర్లకు డీపీపీహెచ్ 66.7 మైక్రోమోలార్. అందులో సగం 33.3. దానికి కావలసిన ఆస్కార్బిక్ ఆమ్లం మళ్ళీ అందులో సగం, 16.7 మైక్రోమోలార్. అణుభారం 176 కాబట్టి మిల్లీలీటరుకు 2.9 మైక్రోగ్రాములు. పోసిన 1 మిల్లీలీటరు నమూనా గాఢతలో చెప్పాలంటే దానికి మూడింతలు, 8.8. కాగితం మీద లెక్కే చెబుతోంది కాబట్టి మీ అంకె ఈ దరిదాపుల్లోనే ఉండాలి. ఇదే కొలతల్లో ఆస్కార్బిక్ ఐసీ50 40 అని కనిపిస్తే స్టాండర్డ్ పాడైంది, లేదా తూకంలోనో లెక్కలోనో తప్పుంది. ఆ పట్టికలోని మొక్కల అంకెలను చదవనక్కర్లేదు. చివరి గాఢతా, పోసిన గాఢతా అన్నది స్పష్టంగా రాయకపోతే మూడు రెట్ల తేడా ఊరికే పుట్టుకొస్తుందని కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ఫోలిన్ సియోకాల్టో పరీక్ష గురించి క్లుప్తంగా: గాలిక్ ఆమ్లంతో పోల్చి, 765 నానోమీటర్ల దగ్గర చదువుతారు. పేరుకు ‘మొత్తం ఫినాల్స్’ గానీ సి విటమిన్, కొన్ని చక్కెరలు కూడా రంగు ఇస్తాయి. ఉసిరికి ఈ అంకె ఎప్పుడూ కాస్త ఉబ్బే ఉంటుంది.

సరే, మంచి అంకె వచ్చింది. దాన్ని మందు సీసా మీద రాయవచ్చా? రాయకూడదని నా అభిప్రాయం. కరక్కాయలోని చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాల వంటి పెద్ద టానిన్లు పేగులోంచి ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి పెద్దగా వెళ్ళవు. పేగులోని బ్యాక్టీరియా ఇలాంటి టానిన్లను (ఎల్లాజిటానిన్లను) యూరోలిథిన్లనే చిన్న అణువులుగా మారుస్తాయి, ఆ మార్పు కూడా మనిషి మనిషికీ వేరు. గొట్టంలో పనిచేసిన అణువు, ఒంట్లోకి చేరే అణువు ఒకటి కావు. ఆహార పదార్థాలకు ఓరాక్ (మరో యాంటీ ఆక్సిడెంట్ పరీక్ష) అంకెలతో పట్టిక పెట్టిన అమెరికా వ్యవసాయ శాఖే 2012లో దాన్ని తీసేసింది. ఆ అంకెలకూ ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదనీ, కంపెనీలు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నాయనీ కారణం చెప్పింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ కూడా యాంటీ ఆక్సిడెంటే మరి.

గుర్తింపు తప్పితే ప్రమాదం ఇంకోరకం. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు ముంబయి నుంచి 2021లో ప్రచురితమయ్యాయి. అది తిప్పతీగ వల్లనా, దాని పోలికలున్న టైనోస్పోరా క్రిస్పా వల్లనా అన్న వాదన నడిచింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ గుర్తింపు సమస్యను ఎత్తిచూపింది. ఆ రోగులు వాడిన తీగముక్క ఒక్కొక్కటైనా హెర్బేరియంలో ఉంటే ఆ వాదన చాలావరకు అక్కడే తేలేది.

త్రిఫల వాడే ఇంటివాళ్ళు మిమ్మల్ని సలహా అడిగితే, అంకెలకన్నా ముందు చెప్పవలసింది ఒకటుంది. చూర్ణంలోని టానిన్ ఇనుమును పట్టుకుంటుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నవారు రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం పెట్టాలి. గర్భిణులైతే డాక్టరును అడగకుండా త్రిఫల మొదలుపెట్టకూడదు.